గగారిన్ ప్రొపెల్లర్

గగారిన్ విమానం అరిచేది గాని ఎగిరేది కాదు.

గగారిన్ అన్నది అతని అసలు పేరే. చీరాలలో పార్టీ ఆఫీసు తాళంచెవులు పాతికేళ్ళు మొలలో దోపుకు తిరిగిన తండ్రి, అంతరిక్షంలోకి మొదట వెళ్ళిన మనిషి మీద గౌరవంతో కొడుక్కి ఆ పేరు పెట్టాడు. పెట్టి, తన పని తాను చూసుకున్నాడు. పేరు మోసే పని కొడుకు మీద పడింది. బళ్ళో హాజరు పిలిచిన ప్రతి మాస్టారూ ఎప్పుడు ఎగురుతావని అడిగేవాడు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ నలభయ్యో ఏడు దాటాక, గగారిన్ నిజంగానే విమానం కట్టడం మొదలుపెట్టాడు.

ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం. రెక్కలూ తోకా చక్రాలూ ఇంటి వెనక రేకుల షెడ్డులో మూడేళ్ళపాటు తన చేతుల్తోనే చేశాడు. విమానం నడపడం నేర్చుకుని, కావలసిన అనుమతులు తిరిగి తిరిగి తెచ్చుకున్నాడు. ప్రొపెల్లర్ చెక్కడం మాత్రం చేతకాలేదు. అందుకోసం వేటపాలెంలో కాలేషా దగ్గర చేరాడు.

కాలేషా వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు ప్రొపెల్లర్ల పని చూసి, రిటైరై వచ్చి, మగ్గాలకు కర్రసామాను చేసుకుంటున్న మనిషి. సొంతంగా విమానాలు కట్టుకునే పిచ్చివాళ్ళు దేశంలో ఏ మూలనున్నా ఆయన ఫోన్ నంబరు ఎలాగో సంపాదించేవాళ్ళు. మాట తక్కువ. గగారిన్ ఆయన్ని ఉస్తాద్ అనేవాడు. రెండేళ్ళు ప్రతి ఆదివారం వెళ్ళి, టేకు పలకలు ఒకదాని మీద ఒకటి అతికించడం, చిత్రిక పట్టడం, వేలి కొసతో నిమిరి ఎగుడుదిగుడులు కనుక్కోవడం నేర్చుకున్నాడు.

చిక్కంతా ఇంజన్‌తో వచ్చింది. గగారిన్ తెచ్చింది రోటరీ ఇంజన్. అందులో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకోవు. కడుపులో ఒక మూడుమూలల చక్రం గిరగిరా తిరుగుతుంది. నిమిషానికి ఆరువేల చుట్లు దాటితేగాని దాని బలం బయటపడదు. ప్రొపెల్లర్ అంత వేగంగా తిరిగితే గోల తప్ప లాగుడు ఉండదు. అందుకని మధ్యలో గేర్‌బాక్స్ పెట్టాడు. ఇంజన్ మూడుసార్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒకసారి తిరుగుతుంది. అక్కడిదాకా బాగానే ఉంది.

ఇక ప్రొపెల్లర్ రెక్కకు ఎంత వాలు ఉండాలి? వాలు ఎక్కువైతే ఒక్కో చుట్టుకీ ఎక్కువ గాలిని కోస్తుంది, తక్కువైతే గాలి చిక్కకుండా జారిపోతుంది. వాలు తగ్గించమని కాలేషా ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పే అలవాటు ఆయనకు లేదు. గగారిన్ వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, గంటకు రెండువందల కిలోమీటర్లు పోయేలా లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారమే చెక్కాడు. మూడు పూతలు వార్నిష్ వేశాక అందులో మొహం చూసుకోవచ్చు. నిజంగానే చూసుకున్నాడు.

విమానం ఎగరేసే రోజున, యుద్ధకాలంలో ఎవరో వేసి వదిలేసిన పాత రన్‌వే దగ్గరికి ఊరందరినీ పిలిచాడు. ప్రిన్సిపాల్ వచ్చాడు, తోటి లెక్చరర్లు వచ్చారు, విద్యార్థులు వచ్చారు. తండ్రి స్నేహితుడొకాయన ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని బంతిపూల దండ పట్టుకొచ్చాడు.

ఇంజన్ నాలుగువేల చుట్ల దాకా వెళ్ళి, అక్కడ ఆగి, మూలగడం మొదలుపెట్టింది. గగారిన్ మీట ఎంత తోసినా చుట్లు చూపే ముల్లు పైకి పోలేదు. విమానం కదిలింది. కదిలి, నడిచింది. రన్‌వే మీద వేరుశనక్కాయలు అమ్ముకునేవాడు సైకిలు తొక్కుకుంటూ దాని పక్కకొచ్చి, కాసేపు కూడా వచ్చి, దాటి వెళ్ళిపోయాడు. వెళుతూ వెనక్కి తిరిగి, తొయ్యాలా అన్నట్టు చెయ్యి ఊపాడు కూడా.

దండ తెచ్చిన పెద్దాయన దాన్ని ఎవరి మెడలో వెయ్యాలో తెలియక చాలాసేపు నిలబడి, చివరికి విమానం ముక్కుకి తగిలించి వెళ్ళిపోయాడు. అలా దండతో చూస్తే ఆ విమానం కాలం చేసినట్టే ఉంది.

సాయంత్రానికి ఆ వీడియో చీరాలంతా చూసింది. సోమవారం క్లాసులో గగారిన్ బోర్డువైపు తిరిగినప్పుడు వెనక బెంచీల్లో ఎవరో సైకిల్ బెల్లు మోగించారు. భార్య వనజాక్షి మాత్రం ఒక్కమాట అనలేదు. మూడేళ్ళుగా మేకులూ రంపప్పొట్టూ ఊడ్చిన మనిషి ఏమీ అనకపోవడం అతనికి సైకిల్ బెల్లు కంటే ఎక్కువ బాధనిపించింది. దానికి తోడు, ఉగాది దాటితే రన్‌వేకి కంచె వేసేస్తారని కబురొచ్చింది. ఉగాదికి ఇంకా రెండు నెలలుంది.

ఆ ఆదివారం వేటపాలెం వెళ్ళి ఇంజన్ మీద నేరాలన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. కార్బురేటర్ సరిగా లేదన్నాడు. ప్లగ్గులు మార్చానన్నాడు. పెట్రోలు కల్తీ అన్నాడు. సముద్రపు గాలి పడటం లేదేమో అన్నాడు. అసలు ఈ ఇంజన్‌లోనే ఏదో లోపముందని, దీన్ని తీసేసి ఇంకొకటి తెప్పిస్తానని అన్నాడు. కాలేషా అన్నీ విన్నాడు.

అంతలో కాలేషా భార్య ఖాసింబీ ఇద్దరికీ అన్నం, గోంగూర పప్పు వడ్డించింది. కాలేషా చేతులు కడుక్కుని గగారిన్ కంచం తనవైపు లాక్కున్నాడు. అన్నం మొత్తం కలిపి, రెండు చేతులా అదిమి, బత్తాయికాయంత ముద్ద చేసి అతని చేతిలో పెట్టాడు.

"ఒకేసారి తినెయ్యి," అన్నాడు.

ఉస్తాద్ మాట కాదనలేక గగారిన్ నోరు తెరిచాడు. ముద్ద లోపలికి వెళ్ళింది. వెళ్ళాక దవడ కిందికి రాదు, పైకి పోదు. మింగలేడు, కక్కలేడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఖాసింబీ మొగుణ్ణి తిట్టింది. కాలేషా చిన్నచిన్న ముద్దలు చేసుకుని నిదానంగా తింటూ, ఇందాక ఇంజన్‌లో లోపమేదో అన్నావు, ఏంటది అని అడిగాడు. గగారిన్ బుగ్గలు పూరించుకుని చూస్తూ కూర్చున్నాడు. కాలేషా అన్నం తిని, పెరుగు పోసుకు తిని, కంచం కడుక్కొచ్చేసరికి గగారిన్ సగానికి వచ్చాడు.

కాలేషా మంచినీళ్ళ గ్లాసు అతని పక్కన పెట్టాడు.

"నీ దవడల్లో లోపమేం లేదు బాబూ," అన్నాడు.

గగారిన్ తిన్నగా ఇంటికొచ్చాడు. ప్రొపెల్లర్ ఊడదీసి, మొహం చూసుకున్న వార్నిష్ మీదే చిత్రిక పెట్టాడు. వాలు తగ్గించాడు. అర్థమైన సంతోషం పట్టలేక ఇంకా తగ్గించాడు. వారం తర్వాత ఒక్కడే రన్‌వే మీదికెళ్ళి ఇంజన్ తిప్పితే ముల్లు ఆరువేలు దాటింది, ఏడువేలు దాటింది, ఎర్రగీత కూడా దాటింది. అక్కణ్ణించే ఉస్తాద్‌కి ఫోన్ చేశాడు.

"ఏడున్నర వేలు ఉస్తాద్."

"ఎందాకా వెళ్ళావు?"

గగారిన్ చుట్టూ చూసుకున్నాడు.

"ఇక్కడే ఉన్నాను," అన్నాడు.

మర్నాడు కాలేషా మోపెడ్ మీద వచ్చాడు. వెనక తాడు చుట్ట కట్టుకొచ్చాడు. ఒక కొస విమానం తోకకి ముడేసి, రెండో కొస గగారిన్ చేతికిచ్చి, రన్‌వే పక్కనున్న పాత ఇనుప గూటానికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చోమన్నాడు. తాను విమానమెక్కి, జేబురుమాలు తీసి ముల్లున్న డయల్ మీద కప్పి, ఇంజన్ తిప్పాడు. చెవులు చిల్లులు పడేలా అరిచింది. గగారిన్ ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో మొహం మీది దుమ్ము తుడుచుకోగలిగాడు. తుడుచుకుంటూ ఉండగానే సిగ్గేసింది. విమానాన్ని ఒంటిచేత్తో ఆపుతున్నానని తెలిసింది.

కాలేషా ఇంజన్ ఆపి దిగాడు. మోపెడ్‌కి పక్కన కట్టుకొచ్చిన కొత్త టేకు పలకలు విప్పి అతని ముందు పెట్టాడు.

ఈసారి గగారిన్ కంప్యూటర్ తెరవలేదు. ముందు ఎక్కువ వాలుతోనే చెక్కి, బిగించి, ఉస్తాద్ ఇంజన్ తిప్పుతుంటే తాడు పట్టుకున్నాడు. ఊడదీసి కాస్త చిత్రిక పట్టి, మళ్ళీ బిగించి, మళ్ళీ తాడు పట్టుకున్నాడు. నెలన్నర అలాగే గడిచింది. అరచేతులు కాయలు కాశాయి. క్లాసులో సుద్దముక్క పట్టుకోలేకపోయాడు. కాలేజీలో అతని గురించి నవ్వుకోవడం కూడా మానేశారు. అది అతను గమనించనే లేదు. తాడు రోజురోజుకీ బరువెక్కడం మాత్రం గమనించాడు.

ఉగాదికి పదిరోజుల ముందు ఒక పొద్దున, కాలేషా మీట తోసీ తొయ్యగానే గగారిన్ కాళ్ళు గూటం మీంచి లేచిపోయాయి. తాడు వదలాలన్న ఆలోచన రాకముందే బోర్లాపడి పది గజాలు ఈడ్చుకుపోయాడు. చొక్కా చిరిగింది, ప్యాంటు మోకాళ్ళ దగ్గర లేకుండా పోయింది. కాలేషా ఇంజన్ ఆపి, దిగి, నెమ్మదిగా నడిచొచ్చాడు.

గగారిన్ పడుకునే తలెత్తాడు.

"ఎన్ని చుట్లు తిరిగింది ఉస్తాద్?"

"నేను చూడలేదు. నీ మోకాళ్ళు ఏమంటున్నాయి?"

గగారిన్ మోకాళ్ళు చూసుకున్నాడు. రెండూ చెక్కుకుపోయి ఎర్రగా ఉన్నాయి. అతనికి నవ్వాగలేదు.

తర్వాతి గురువారం తెల్లారగానే విమానం బయటికి తీశాడు. ఈసారి ఉస్తాద్‌ని తప్ప ఎవరినీ పిలవలేదు. వనజాక్షి తనంతట తానే వచ్చింది. మోకాళ్ళకు కట్లతోనే గగారిన్ ఎక్కి కూర్చున్నాడు. విమానం రన్‌వే సగం కూడా వాడుకోలేదు. చక్రాలు నేల వదిలాయి. జీడిమామిడి తోట దాటి, సరుగుడు చెట్ల పైనుంచి సముద్రంవైపు తిరిగింది.

వనజాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. కాసేపటికి, అంతా బాగానే ఉందా మాస్టారూ అని అడిగింది. కాలేషా పైకి చూడటం లేదు. తల వంచుకుని వింటున్నాడు.

"ఇందులో ఇంజన్ చప్పుడేదో, ప్రొపెల్లర్ చప్పుడేదో నీకేమైనా తెలుస్తోందా అమ్మా?"

ఆమె కూడా తల వంచి చాలాసేపు విన్నది.

"వేరువేరుగా తెలియడం లేదండీ."

"అయితే బాగుంది," అన్నాడు కాలేషా.