ఊరికే సర్వే చేసిపెట్టిన నక్క

కొండదిగువ పట్నంలో జంతువులకి ఒక మున్సిపాలిటీ ఉండేది. నమ్మకపోతే మానెయ్యండి, నాకొచ్చే నష్టమేమీ లేదు. ఏనుగుగారు చైర్మను. ఆఫీసు గేటు దగ్గర రెండు కుక్కలు కాపలా. రోజూ పొద్దున్నే వీధివీధి తిరిగి ఇళ్ల ముందున్న పేడా పెంటా ఎత్తుకెళ్లడానికి ఒక బండి. ఆ బండి లాగేవి రెండెద్దులు, బూడిదయ్య, కాటుకయ్య. పన్నెండేళ్లు ఒకే కాడి కింద నడిచిన వాళ్లు.

పోయిన వానాకాలంలో మున్సిపాలిటీవాళ్లే తవ్వి వదిలేసిన గోతిలో పడి కాటుకయ్య కాలు విరిగింది. పనిలో ఉండి కుంటిపడ్డవాడికి బతికినన్నాళ్లూ సగం మేత, కొట్టంలో చోటు ఇవ్వాలని అక్కడ రూలు. కాటుకయ్య ఆ సగం మేత మీదే బతుకుతున్నాడు. బండి మాత్రం బూడిదయ్య ఒక్కడే లాగుతున్నాడు. రెండో ఎద్దుని ఇస్తాం ఇస్తాం అంటూ ఏడాది గడిపారు, ఆఫీసుల సంగతి మీకు తెలియంది కాదు.

ఆ ఏడు గడ్డి సరిగ్గా పండలేదు. చైర్మనుగారు దిగులుగా కూర్చుని ఉంటే నక్క కనకప్ప వచ్చి వినయంగా తోక ముడుచుకుని నిలబడ్డాడు.

"అయ్యా, మన ఎద్దులకి బయట మార్కెట్లో కన్నా ఎక్కువ పెడుతున్నామేమో చూసుకున్నారా?"

"ఎలా చూస్తాం కనకప్పా?"

"బయట పనిచేసే వాళ్లకి ఏం పెడుతున్నారో కనుక్కుని, మనం పెట్టేదానితో పోల్చాలి. ఆ సర్వే నేను చేసిపెడతాను. నాకు పైసా వద్దు. ఊరికోసం ఆ మాత్రం చెయ్యలేనా?"

చైర్మనుగారికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒక లావుపాటి పుస్తకం తెప్పించి చేతికిచ్చారు.

ఈ కబురు కాపలా కుక్క ద్వారా కొట్టానికి చేరింది. బూడిదయ్య నెమరు ఆపేశాడు.

"ఊరికే చేస్తానన్నాడా?"

"ఊరికేనట," అన్నాడు కాటుకయ్య. "మంచిదే కదన్నా. బయటవాళ్లకి మనకన్నా బాగానే పెడతారు. అది తెలిస్తే మనకీ నాలుగు గింజలు రాలతాయి."

"తమ్ముడూ, కనకప్ప ఊరికే ఒక ఎముక వదిలిపెట్టడం ఎప్పుడైనా చూశావా?"

"నీకు అందరిమీదా అనుమానమే."

"అందుకే నాలుగు కాళ్లూ సరిగ్గా ఉన్నాయి," అని నోరు జారి, వెంటనే నాలుక కరుచుకున్నాడు బూడిదయ్య. కాటుకయ్య ఏమీ అనుకోలేదు. వాడి గుణమే అంత, ఎవరినీ ఏమీ అనుకోడు.

కనకప్ప చెవి మీద కలం పెట్టుకుని మొదట జట్కా గుర్రం సోమన్న దగ్గరికి వెళ్లాడు.

"మున్సిపాలిటీ నుంచి వస్తున్నాను. నీకు రోజుకి ఏం పెడతారు? రాసుకోవాలి."

పుస్తకం చూడగానే సోమన్న ఉలవల సంచిని వెనక్కాలుతో మెల్లగా గోడ వారకి తోశాడు. "ఏం పెడతారండీ. నాలుగు ఎండుగడ్డి పరకలు. అవీ రోజు విడిచి రోజు."

"కుంటిపడితే?"

"కుంటిపడితే ఇంకేముంది, సంతకి తోలేస్తారు."

కనకప్ప శ్రద్ధగా రాసుకున్నాడు. గానుగెద్దు కూడా అదే పాట పాడాడు. "కుడితినీళ్లేనండి, కళ్లారా గడ్డి చూసి నెలైంది," అన్నాడు. అంటున్నప్పుడు మూతికి తెలగపిండి అంటుకుని ఉంది. అది కనకప్పకి కనబడకపోవడం ఏమిటి, బ్రహ్మాండంగా కనబడింది. కనబడనట్టే రాసుకుని పోయాడు. ఇలా ఊరంతా తిరిగాడు.

సభ పెట్టారు. కనకప్ప గొంతు సవరించుకుని చదివాడు.

"బయట పశువులకి రోజు విడిచి రోజు ఎండుగడ్డి. మన ఎద్దుకి రోజూ పచ్చిగడ్డి. బయట కుంటిపడ్డవాళ్లకి ఏమీ లేదు. మన దగ్గర సగం మేత, పైగా కొట్టం. కాబట్టి పనిచేసే ఎద్దుకి మేత సగానికి తగ్గించాలి. పనికిరాని ఎద్దుకి మేత పూర్తిగా ఆపేసి, ఊరి చివర చెత్తకుప్ప అవతల వదిలెయ్యాలి."

"చాలా వివరంగా ఉంది," అన్నారు చైర్మనుగారు. "సోమవారం నుంచి అమలు చేద్దాం."

కాటుకయ్య తలెత్తలేదు. మూడు కాళ్లతో ఊరి చివరికి నడవగలనా అని మాత్రం పక్కనున్నవాడిని అడిగాడు. అది విని బూడిదయ్యకి గుండె మండిపోయింది.

"అయ్యా, ఒక్క పూట ఆగండి. రేపు పొద్దున నా బండితో పాటు మీరూ వీధిలోకి రండి."

కనకప్ప నవ్వాడు. "పుస్తకంలో లేనిది వీధిలో ఏముంటుంది బావా? నీకు చదవడం కూడా రాదే."

"రాదు. పన్నెండేళ్లుగా పేడ ఎత్తుతున్నాను, అది వచ్చు."

మర్నాడు పొద్దున బండి వెనక చైర్మనుగారు, ఆయన వెనక కనకప్ప, చివర కాపలా కుక్కలు. బండి సోమన్న ఇంటి ముందు ఆగింది. అక్కడ రాత్రి వేసిన లద్దె చుట్టూ ఏడెనిమిది కోళ్లు మూగి తెగ పొడుస్తున్నాయి.

"ఏం తింటున్నాయవి?" అన్నారు చైర్మనుగారు.

"ఉలవలు అయ్యా. గుర్రానికి సగం అరుగుతాయి, సగం ఇలా బయటికొస్తాయి. ఎండుగడ్డి తిన్న గుర్రం వెనక కోళ్లెందుకు మూగుతాయి?"

చైర్మనుగారు తొండంతో కోళ్లని పక్కకి నెట్టి వంగి చూశారు. ఉలవలే.

గానుగెద్దు పేడ నిండా పత్తిగింజల పొట్టు. తర్వాతి వీధిలోనూ అంతే. చైర్మనుగారికి కోపమొచ్చి సోమన్నని నిలదీశారు.

"ఏమోయ్, అబద్ధమెందుకు చెప్పావు?"

సోమన్న నేలచూపులు చూశాడు. "ఆఫీసు నుంచి పుస్తకం పట్టుకుని ఎవరైనా వస్తే ఉన్నది ఉన్నట్టు చెబుతామా అయ్యా? పన్నయినా వేస్తారు, తెల్లకార్డయినా పీకేస్తారు. కార్డు పోతే ఉప్పురాయి ఎవరిస్తారు? కనకప్పకి ఇది తెలియదా? ఆయనకీ తెల్లకార్డే ఉంది."

బండి తిరిగి మున్సిపాలిటీ కొట్టం ముందుకొచ్చింది. అక్కడా పేడకుప్ప ఉంది. ఒక్క కోడి కూడా లేదు.

"మన వీధి కోళ్లు ఇటువైపు తొంగిచూడవయ్యా," అన్నాడు బూడిదయ్య. "ఇందులో గింజ ఉండదని వాటికి తెలుసు."

కనకప్ప తగ్గలేదు. "సరే, మేత సంగతి పక్కన పెట్టండి. కుంటిపడ్డవాడిని బయట ఎవరూ మేపడం లేదు. అదైతే నిజమేనా కాదా?"

"నిజమే," అన్నాడు బూడిదయ్య. "మేపరు. సోమన్న ఇంట్లో ఉలవలున్నాయి, కాలు విరిగితే సంత. మాకు ఉలవల్లేవు, కాలు విరిగితే కొట్టం ఉంది. అది నమ్ముకునే కదా ఉత్త గడ్డి తిని ఇన్నేళ్లు లాగాం. బయటితో సమానం చెయ్యాలంటే చెయ్యండి. మా తమ్ముడి సగం మేత తీసేస్తే, రేపటి నుంచి నాకు రోజూ ఉలవలు, పత్తిగింజలు పెట్టండి. పన్నెండేళ్లవి బాకీ కూడా."

చైర్మనుగారు మనసులో లెక్క వేసుకున్నారు. చెవులు ఆడించడం ఆగిపోయింది. "అబ్బే, ఇప్పుడున్నట్టే ఉండనిద్దాం," అన్నారు. "సగం మేత కొనసాగుతుంది."

"ఇంకొక్క మాటయ్యా. చెత్తకుప్ప అవతల వదిలెయ్యమని రాశాడు. అక్కడ ఎవరుంటారు?"

పెద్ద కుక్క సమాధానం చెప్పాడు. "కనకప్పగారి బొరియ. పెళ్లాం, పిల్లలు, ఇద్దరు బావమరుదులు. ఈ మధ్య వేట సరిగ్గా లేదని అందరూ బాధపడుతున్నారు."

కాటుకయ్య తన కుంటికాలు కడుపు కిందకి లాక్కున్నాడు. ఎవరినీ ఏమీ అనుకోనివాడు ఆ పూట మొదటిసారి నక్క వంక పళ్లు నూరుతూ చూశాడు.

"ఊరికోసం ఊరికే చేశాను..." అని గొణిగాడు కనకప్ప, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ.

"ఊరికే ఎందుకులే," అన్నారు చైర్మనుగారు చాలా మర్యాదగా. "నీ శ్రమకి బయట మార్కెట్లో ఏది నడుస్తుందో అదే ఇద్దాం. ఏమోయ్ కాపలా, ఊళ్లోకొచ్చిన నక్కకి బయట కుక్కలు ఏమిస్తున్నాయి?"

"కనుక్కోనక్కర్లేదయ్యా," అన్నాడు పెద్ద కుక్క, నడుం సాగదీసి లేస్తూ. "మా దగ్గర సిద్ధంగా ఉంది."

కనకప్ప పుస్తకం పారేసి పరుగందుకున్నాడు. పొలిమేర దాటేదాకా కుక్కలు ఏ లోటూ రానివ్వలేదు. ఉలవల సంగతి బూడిదయ్య మళ్లీ ఎత్తితే, వచ్చే సభలో చూద్దామన్నారు చైర్మనుగారు. ఆ సభ ఎప్పుడో ఎవరికీ తెలియదు. కాటుకయ్య మాత్రం ఆ సాయంత్రం తన సగం మేత తిన్నాడు.

నీతి: ఎదుటివాడి కూడు ఎక్కువో తక్కువో ఊరికే తేల్చిపెడతానని ఎవరైనా వస్తే, ముందు వాడి ఇల్లెక్కడో కనుక్కోండి.