ఎవరూ నేర్పని పిలుపు

పిల్లలూ, కథకు ముందు ఒక ప్రశ్న. మొన్న మీరు చూసిన సినిమాలో గాజుబుడ్డిలో పుట్టించి, యుద్ధం తప్ప ఇంకేమీ నేర్పకుండా పెంచిన సిపాయిలున్నారే, వాళ్ళలో మనిషితనం ఎంత మిగిలి ఉంటుంది? సగమా, పావా, బొత్తిగా ఉండదా? తొందరపడి చేతులెత్తకండి. ముందు ఈ కోళ్ళ సంగతి వినండి.

ఎర్రగుట్ట కింద ఒక రైతు దొడ్డి ఉండేది. చుట్టూ ఎత్తుగా తుమ్మకంప. రైతూ భార్యా పొద్దున్నే చేనికి పోతే పొద్దువాలాకే రాక. అంతవరకూ దొడ్డికి పెద్దదిక్కు చుక్కమ్మ అనే ముసలి పెట్ట. ఒంటినిండా తెల్లచుక్కలు, నడకలో కాస్త కుంటు. తన ఆయుష్షులో డెబ్బై పిల్లల్ని లేపిన తల్లి. ఆ వయసులోనూ ఆమె రెక్కల కింద పదకొండు పిల్లలున్నాయి. దొడ్డి మధ్యలో గుంజకు కట్టేసి ఓబులేసు అనే ఎద్దు. నెమరు వేయడం, నిదానంగా మాట్లాడడం, ఈ రెండే దాని పనులు.

గుట్ట మీద గుర్నాథం అనే గుంటనక్క కాపురం. మూడేళ్ళుగా ఆ దొడ్డి మీదే దాని కన్ను. కంపలో ఒక్క సందు ఉంది గానీ, అది కోడి పట్టేంతే. దూరబోయిన ప్రతిసారీ ముక్కుకు ముల్లు గుచ్చుకోవడమే మిగిలింది. చివరికి దానికో ఆలోచన తట్టింది. తను దూరలేని సందులో కోడి దూరుతుంది కదా, కోళ్ళ మీదికి కోళ్ళనే తోలితే సరి!

ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి, నక్క తెలివంతా ఇందులోనే ఉంది. నాలుగూళ్ళు తిరిగి పందెం పుంజుల సంతతి గుడ్లు ఎత్తుకొచ్చింది. పుట్టిన పిల్లల్లో మెత్తనివాటిని తను మింగి, మొండివాటిని ఉంచింది. వాటికి పుట్టినవాటిలో మళ్ళీ ఏరింది. అలా మూడు తరాలు ఏరి ఏరి, ఆఖరి గుడ్లను తల్లి కింద పెట్టనే లేదు. తల్లి రెక్క తగిలితే మనసు మెత్తబడుతుందని పేడకుప్ప వేడిలో పొదిగించింది. పన్నెండు పుంజులు లేచాయి. వాటికి పేర్లు లేవు, ఒకటోవాడు, రెండోవాడు, అంతే. ఒక్కొక్కదానికీ ఒక్కో గొయ్యి. తిండి గోడ పక్కన పడేస్తే గోడవైపు తిరిగి తినాలి. రోజూ పొద్దున్నే పాఠం.

"మీ అమ్మ ఎవరు?"

"ఆజ్ఞే అమ్మ."

"మీ వాళ్ళెవరు?"

"ఎవరూ లేరు."

"అడుగు వెనక్కి పడితే?"

"చావే."

ఆ పుంజులు ఎదిగిన తీరు చూసి గుట్ట మీది తొండలు కూడా దారి మార్చుకున్నాయి.

ఈ సంగతంతా దొడ్డికి చేరవేసింది కాకి. కాకికి అటు నక్క విసిరే ఎముకా కావాలి, ఇటు దొడ్డిలో మెతుకులూ కావాలి. అందుకని రెండు వైపులా చుట్టరికం. రేపు మధ్యాహ్నం దాడి అనీ, పుంజులు లోపలికి దూరి కోళ్ళను సందులోంచి బయటికి తోలుతాయనీ, బయట నక్క నోరు తెరుచుకుని కూర్చుంటుందనీ చెప్పింది. దొడ్డిలో ఏడుపులు మొదలయ్యాయి. ఒక పడుచుపెట్ట అటకెక్కుదామంది. ఇంకొకటి, నిద్రలో ఉండగా వాటి కళ్ళు పొడిచేద్దామంది. ఎవరు పోయి పొడుస్తారంటే మాత్రం మాట మార్చింది.

చుక్కమ్మ పిల్లల్ని కప్పుకుని అంతా వింది. తర్వాత కాకిని పిలిచింది.

"వాళ్ళు తిండెట్లా తింటారన్నావు?"

"ఎవడి గోతిలో వాడు, గోడకు మొహం పెట్టి."

"పక్కన ఇంకొకరుండగా ఎప్పుడూ తినలేదా?"

"ఒక్కనాడూ లేదు. రెండు రోజుల నుంచి ఆ తిండీ లేదులే. ఆకలైతే కోపం పెరుగుతుందని గుర్నాథం మాడుస్తున్నాడు."

చుక్కమ్మ ఎద్దువైపు తిరిగింది.

"ఓబులన్నా, ఆ చెదల కుండ నీ కొమ్ముకు అందుతుందా?"

ఆ కుండ సంగతి మీకు తెలియదు కదూ. పాత కుండలో తడిగడ్డీ పేడా కూరి నేల మీద బోర్లిస్తారు. నాలుగు రోజుల్లో దాని నిండా చెదలు పడతాయి. ఎత్తి దులిపితే కోడిపిల్లలకు అంతకు మించిన పండగ లేదు. రైతు భార్య ఆ కుండను గుంజకు కాస్త దూరంలోనే బోర్లించింది.

"పలుపు బిగబట్టి చూస్తే అందొచ్చు," అంది ఎద్దు. "అయితే చుక్కమ్మా, యముళ్ళు వస్తుంటే విందు పెడతానంటావేంటి?"

"విందు కాదన్నా, పరీక్ష. వాళ్ళు నక్క కత్తులో, కోడి బిడ్డలో తేలాలి."

"కత్తులే అని తేలితే?"

"అప్పుడు ముందు నేను చస్తాను. నా పిల్లలు ఆ తర్వాతే," అంది చుక్కమ్మ. ఓబులేసు నెమరు ఆపేసింది.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చేసరికి పుంజులు వచ్చాయి. సందులోంచి ఒకదాని వెనుక ఒకటి, చప్పుడు లేకుండా. దొడ్డిలో ఏ పుంజూ వాటి మెడ ఎత్తుకు రాదు. కాలిముళ్ళు కొడవలి మొనల్లా ఉన్నాయి. పెట్టలన్నీ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చుక్కమ్మ కూడా వణికింది. వణుకుతూనే వాటిని పైనుంచి కిందిదాకా చూసింది. ఏం తురాయి, ఏం నిగనిగ, ఏం నిలువు! తల్లి రెక్క తగలకుండానే ఇంతవాళ్ళయ్యారే అనుకుంది.

"పక్కకు తప్పుకో ముసలిదానా," అన్నాడు ఒకటోవాడు. అందులో కోపం కూడా లేదు, పాఠం అప్పజెప్పినట్టుంది.

"తప్పుకుంటా నాయనా. ఓబులన్నా, కానీ."

ఎద్దు పలుపు తెగేంత ముందుకు వంగి కొమ్ముతో ఒక్క నెట్టు నెట్టింది. కుండ దొర్లింది. ఒకటోవాడి కాళ్ళ ముందు చెదలు కుప్పగా పడి పాకడం మొదలుపెట్టాయి. చుక్కమ్మ రెక్కలు విప్పి, పదకొండు పిల్లల్నీ ఎండలోకి వదిలి, తను ఒక్క అడుగే పక్కకు జరిగింది. మూలనుంచి పెట్టలు గొల్లుమన్నాయి. పిల్లలు మాత్రం ఆ పెద్ద పుంజును చూసి ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి.

రెండు రోజుల ఆకలి. ఒకటోవాడి ముక్కు కిందికి పోయింది. ఒక చెదపురుగును పట్టింది. మింగితే అంతా అయిపోయినట్టే.

వాడు దాన్ని వదిలేశాడు. మళ్ళీ పట్టాడు, మళ్ళీ వదిలాడు. వాడి గొంతులోంచి ఏదో మోటగా, తుప్పు పట్టిన గిలకలా వచ్చింది. కొక్... కొక్. ఎవరు కూశారా అని వాడే వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత నేలకేసి వంగి గట్టిగా పిలిచాడు. కొక్-కొక్-కొక్-కొక్!

తిండి దొరికిన పుంజు పిలిచే పిలుపు అది. తను తినకుండా, రండి తినండి అని పిలుస్తుంది. ఆ పిలుపు విన్న పిల్లలకు ఇక భయమెక్కడిది? పదకొండూ పరుగున వచ్చి వాడి కాళ్ళ సందున దూరాయి. ఒక బుడ్డది వాడి ముక్కులోంచే పురుగు లాక్కుంది. వాడు ఇచ్చేశాడు.

కంప అవతల నక్కకు ఒళ్ళు మండింది.

"ఒరేయ్, ఏంట్రా ఆ కూత? ఆ పాఠం నేను చెప్పలేదే?"

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు ఒకటోవాడు. "నా ముందు తిండీ, నా పక్కన పిల్లలూ ఇంతవరకూ ఒక్కసారిగా లేవు."

"ఆజ్ఞ! కాలెత్తి తొక్కు!"

కాలు లేచింది. పుట్టినప్పటి నుంచి ఆ మాటకు లేచిన కాలు కదా, దానంతటదే లేచింది. కాలిముల్లు కింద బుడ్డపిల్ల ఇంకా పురుగే తింటోంది. ఆ కాలు గాలిలో అలాగే వణికింది. చుక్కమ్మ కదల్లేదు, బతిమాలలేదు. వాడి కళ్ళలోకే చూస్తూ నిలబడింది.

వాడు కాలును దించాడు, పిల్లకు జానెడు పక్కగా. దించడంలో బావిలోంచి నిండుకుండ లాగినంత కష్టం కనిపించింది. ఆ తర్వాత సందువైపు తిరిగాడు.

"అడుగు వెనక్కి పడితే చావన్నావు గదా," అన్నాడు నక్కతో. "వేయనులే. ముందుకే వస్తున్నాను."

అప్పటికే మిగతా పుంజులు కూడా తలో చెదపురుగు పట్టి గొంతులు సవరించుకుంటున్నాయి. ఒకటోవాడు కదిలేసరికి వెనకే కదిలాయి. మూడు తరాలు ఏరి పెంచిన ఆ బలమంతా గుర్నాథం వీపు మీదే పడింది. తుమ్మకంపలోంచి పారిపోతూ అది సగం తోకను ముళ్ళకే వదిలేసి, గుట్ట పైకి పరుగెత్తింది.

అన్నీ ఆ రోజే మారిపోయాయని చెబితే అబద్ధమవుతుంది. తొమ్మిదోవాడు చాలాకాలం గోడవైపు తిరిగే తినేవాడు. వెనకనుంచి ఎవరైనా వస్తే ఉలిక్కిపడేవాడు. చుక్కమ్మ వాణ్ణి తొందరపెట్టలేదు. పొరుగు దొడ్డి పెట్టలు, ఆ నక్క పెంపకాన్ని ఎలా నమ్ముతావని ఎగతాళి చేస్తే మాత్రం మెడ నిలబెట్టి, "మీ పుంజులకు పిలవడం తల్లులు నేర్పారు. మావాళ్ళు ఎవరూ నేర్పకుండానే పిలిచారు," అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె నడకలో కుంటు కనిపించేది కాదట.

గుట్ట మీద గుర్నాథం గాయాలు నాకుకుంటూ కాకి దగ్గర వాపోయింది. విత్తనం మంచిదే, తిండి లెక్కే, పాఠంలో అక్షరం తప్పు లేదు. మరి ఎక్కడ దెబ్బతిన్నట్టు?

"గుర్నాథం బాబాయ్, నీకు తిండి దొరికితే ఏం చేస్తావు?" అనడిగింది కాకి.

"గొయ్యి తీసి దాచుకుంటాను. ఎవడైనా అదేగా చేసేది?"

కాకి మెతుకుల కోసం దొడ్డివైపు ఎగిరిపోయింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, అది చెడ్డబుద్ధికే కాదు, మంచిబుద్ధికీ అంతే.

ఇక లేవనివ్వండి. చాటలో కందికాయలు ఇంకా సగం ఒలవాల్సి ఉన్నాయి.