ముంగిస పిల్ల వదిలేసిన ప్రశ్న

అనగనగా ఒక అడవిలో చెట్ల కంటే కోచింగ్ సెంటర్లు ఎక్కువగా ఉండేవి. ఏ కొమ్మ కింద చూసినా ఒక మాష్టారు, ఒక బెత్తం, ఆవలిస్తూ ఓ గుంపు పిల్లలు. కొండ మీది వైద్య కళాశాలలో సీటు కొట్టడమే అందరి తపస్సు. ప్రవేశ పరీక్షలో పాటల భాగం ఉంది, లెక్కల భాగం ఉంది. వాటితో పెద్ద పేచీ లేదు. సైన్సు భాగం పేరు చెబితే మాత్రం పులి పిల్లకు కూడా కడుపు నొప్పి వచ్చేది.

వాగు అవతల ముంగిసల పేటలో రేల అని ఒక పిల్ల ఉండేది. ఆ పేట నుంచి ఇంతవరకు ఎవరూ కొండెక్కి వైద్యం చదవలేదు. ఎవరికి జబ్బు చేసినా వాగు దాటించి మోసుకురావాల్సిందే. వానాకాలం వాగు పొంగితే ఇక రోగికి దేవుడే దిక్కు. అందుకే రేలకు సీటు కావాలి. రేలకే కాదు, పేట మొత్తానికీ కావాలి.

వాళ్లమ్మ ఇప్పమ్మకు మాత్రం ఏ బెంగా లేదు. పాము కాటుకు విరుగుడు వేరు తెలిసిన వంశం తమదని, తాము పుట్టుకతోనే డాక్టర్లమని కనిపించినవాళ్లందరికీ చెప్పేది. కనిపించనివాళ్లను పిలిచి మరీ చెప్పేది.

రేల కొంగ మాష్టారి దగ్గర చేరింది. ఆయన ఒంటికాలి మీద నిలబడి పాఠం చెప్పేవాడు. పరీక్షలో ప్రతి ప్రశ్నకూ పలక మీద నాలుగు గుంటలుంటాయి. సరైన జవాబున్న గుంటలో చింతగింజ పెట్టాలి. తప్పు గుంటలో పెడితే వచ్చిన మార్కుల్లోంచి కోత పడుతుంది.

రేల పక్కన కొమ్మల్రాజు అనే కోతి కూర్చునేవాడు. వాడికి పుస్తకాలతో పనిలేని సూత్రం ఒకటి తెలుసు. జవాబు తెలియకపోతే కళ్లు మూసుకుని మూడో గుంటలో పెట్టెయ్యడమే.

మొదటి నమూనా పరీక్షలో రేల ఆ సూత్రం పాటించింది. అదృష్టం కలిసొచ్చి బోలెడు మార్కులొచ్చాయి. వారమంతా తోక దించితే ఒట్టు. రెండో పరీక్షలోనూ అదే పాటించింది. సున్నాకు కింద కూడా ఒక ఊరుందని, అందులో తనొక్కతే కాపురముంటోందని ఆ రోజు తెలిసింది.

కొంగ మాష్టారు తిట్టలేదు. "ఇందులో నీకు నిజంగా తెలిసినవి ఎన్నమ్మడూ?" అని మాత్రం అడిగాడు. రేల వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకుంది. ఒక చెయ్యి కూడా నిండలేదు.

అప్పట్నుంచి పద్ధతి మార్చింది. తెలియని ప్రశ్న దగ్గర గింజ పెట్టడం మానేసింది. సాయంత్రం కాగానే ఆ ఖాళీ గుంటల వెంట పడేది. చెట్టు నీళ్లను పైకెలా లాగుతుందో తెలియక, తెల్లపువ్వు కాడను ఎర్రనీళ్లలో ముంచి రేకులు ఎర్రబడేదాకా కాపలా కాసింది. కప్ప గుండెలో ఎన్ని గదులో కప్పనే అడిగింది. కప్ప మూడని చెప్పింది కానీ, నీళ్ల మధ్య రాయి మీద నిలబడి చెప్పింది. ముంగిసలు ఊరికే గుండె గురించి అడగరని దాని అనుమానం.

మూడో పరీక్ష నాటికి ఖాళీలు బాగా తగ్గాయి. అయినా కొమ్మల్రాజు ఆమెకు ఖాళీ గుంటల మహారాణి అని బిరుదిచ్చాడు.

ఇక ఒక్క సంగతే మిగిలింది. విరుగుడు వేరు ఏది? అది ఇంట్లోనే దొరికే జవాబు కదా అని రేల ముందు అమ్మమ్మను అడిగింది. అమ్మమ్మ ఈశ్వరి వేరంది. మేనమామ సర్పగంధి అన్నాడు. ఇప్పమ్మ కాసేపు ఆకాశం చూసి, ఉత్తరేణి అంది.

"నువ్వెప్పుడైనా నమిలావా అమ్మమ్మా?" అంది రేల.

"నాకా అవసరం ఎక్కడొచ్చిందే? పాము కాటేసేలోపే పక్కకు దూకేదాన్ని."

మేనమామా అదే మాట అన్నాడు. అమ్మా అదే అంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. సైన్సు భాగంలో చివరి ప్రశ్న రేలకోసమే రాసినట్టుంది. పాము విషానికి విరుగుడు ఏది? ఈశ్వరి, సర్పగంధి, ఉత్తరేణి, నాగమల్లి.

హాలంతా ఆమె వైపే చూసింది. కొమ్మల్రాజు వెనక నుంచి గొణిగాడు. "ఏమే, ముంగిసవై ఉండి ఇది కూడా రాదా? పరువు పోతుంది, ఏదో ఒకటి పెట్టెయ్."

రేల గింజ తీసింది. ఉత్తరేణి గుంట మీదికి చెయ్యి వెళ్లింది. అప్పుడు పేటలో పాము కరిచిన పసిపిల్ల ఎవరో తన ముందు పడుకున్నట్టు అనిపించింది. ఆ పిల్లకైతే ఈ వేరు నూరి పోస్తానా? చెయ్యి వెనక్కి తీసుకుని పలక ఇచ్చేసింది.

బయట అమ్మ మొదట ఆ ప్రశ్న గురించే అడిగింది. వదిలేశానని రేల చెప్పింది. ఇప్పమ్మ నోరు విప్పకుండా వాగు దాటడం పేటలో ఎవరూ అంతకుముందు చూసి ఎరుగరు.

ఫలితాల రోజున కళాశాల పెద్ద, ఎలుగుబంటి డాక్టరమ్మ, పలకలన్నీ వరుసగా పేర్పించింది.

"ఆ నాలుగు వేర్లలో ఒక్కటీ పాము విషానికి విరుగుడు కాదు," అంది. "కావాలనే అడిగాం. అందరూ గింజ పెట్టారు, అందరికీ కోత పడింది. ఒక్క పలకలోనే ఆ గుంటలు ఖాళీగా ఉన్నాయి. అదీ ముంగిస పలక. తెలియని మందు పొయ్యని చెయ్యి మాకు కావాలి. మొదటి సీటు రేలది."

ఇప్పమ్మకు సంతోషించాలో పోట్లాడాలో తెలియలేదు. "మరి మేమంతా ఇన్నాళ్లూ ఎలా బతికామట?" అని కూతురి చెవిలో అడిగింది.

"వేరు వల్ల కాదమ్మా, కాళ్ల వల్ల."

ఇప్పమ్మ తన కాళ్ల వైపు ఒకసారి చూసుకుంది. ఛాతీ విరుచుకుంది. చుట్టూ మిగతా తల్లులు తమ పిల్లలు ఏమేం రాశారో చెప్పుకుంటున్నారు. ఆమె వాళ్లను తోసుకుంటూ మధ్యలోకి వెళ్లింది.

"అవన్నీ సరే వదినా," అంది. "మా పిల్ల ఏం రాయలేదో తెలుసా?"

నీతి: తెలియనిచోట ఆగడం తెలిసినవారినే తెలిసినచోట నమ్మగలం.