పుల్లన్న మోకాలు

కొండ దిగువన, చెరకు తోటల మధ్య, బెల్లం వండే పాక ఒకటి ఉండేది. పాక వెనక దడి కట్టిన పెద్ద దొడ్డి. ఆ దొడ్లో ఒక ముసలి ఎద్దూ, పద్నాలుగు కోళ్లూ, వాటి పిల్లలూ కాపురం ఉండేవి. ఎద్దు పేరు పుల్లన్న.

వయసులో ఉన్నప్పుడు పుల్లన్న చెరకు గానుగ తిప్పాడు. పన్నెండేళ్లు ఒకే వైపు తిరిగి తిరిగి కుడి ముందుకాలి మోకాలు అరిగిపోయింది. తర్వాత గానుగకు ఇంజను వచ్చింది. "నువ్వు చేసింది చాల్లేరా" అని రైతు మెడలో పలుపు తీసి దొడ్లో వదిలేశాడు. పని పోయినా పుల్లన్నకు ఊరికే కూర్చోవడం చేతకాలేదు. రోజుకు మూడుసార్లు కుంటుకుంటూ దడి చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఎవరూ పురమాయించిన పని కాదు. కానీ ఆ అడుగుల చప్పుడు వినబడినంత కాలం కొండ మీది నక్క నూకరాజు దొడ్డి ఛాయలకు రాలేదు.

ఆ ఏడు చలి ముందే దిగింది. మంచుకు పుల్లన్న మోకాలు బిగుసుకుపోయింది. పడుకుంటే లేవలేడు, లేస్తే మళ్లీ పడుకోలేడు. కంటికి కునుకు లేదు. ఒక మధ్యాహ్నం దడి పక్కన కూలబడి మూలుగుతుంటే అవతలి నుంచి నూకరాజు గొంతు వినిపించింది.

"ఏంటి మావా ఆ మూలుగు? కొండ మీదికి వినబడుతోంది."

"నీకెందుకురా? పో అవతలికి."

"పోతాలే. కష్టంలో ఉన్నవాణ్ణి పలకరించడం కూడా తప్పేనా? మోకాలే కదూ?"

పుల్లన్న మనసు కొంచెం మెత్తబడింది. రైతు చెరకు నరుకుడులో ఉన్నాడు, కోళ్లు పిల్లల గోలలో ఉన్నాయి. ఇన్ని రోజుల్లో అతని మోకాలి ఊసెత్తినవాళ్లు ఒక్కరూ లేరు.

మర్నాడు నూకరాజు టేకాకులో ఏదో చుట్టి పట్టుకొచ్చాడు. దడి సందులోంచి లోపలికి తోశాడు. పాకలో బెల్లం వండే పెనం అంచుకు అంటుకుని గట్టిపడిన బెల్లం చెక్క.

"చప్పరించు మావా. నొప్పి మరుపొస్తుంది."

నిజంగానే వచ్చింది. బెల్లం నాలుక మీద కరుగుతున్నంతసేపూ పుల్లన్నకు మోకాలు గుర్తుకు రాలేదు. కరిగిపోయాక మళ్లీ సలపరం. మూడోనాటికి నక్క ఎప్పుడొస్తాడా అని దడి వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకో మాట మావా," అన్నాడు నూకరాజు. "ఆ తిరుగుడు మానెయ్యి. అరిగిన ఇరుసును ఇంకా తిప్పితే విరగదూ? నువ్వు జీవితమంతా తిరిగావు. ఇప్పుడు కూర్చుని తినడం నీ హక్కు."

హక్కు అన్న మాట పుల్లన్నకు బాగా నచ్చింది. ఆ రోజు నుంచి లేవడం మానేశాడు. ఎండుగడ్డి ముందే వేయించుకుని, దాని మీద బెల్లం చప్పరించుకుంటూ, కూర్చున్నచోటే రోజులు గడిపాడు. రెండు నెలల్లో పొట్ట నేలకు ఆనింది. మోకాలి నొప్పి తగ్గలేదు సరికదా, నడుముకూ మెడకూ పాకింది. దాహం మొదలైంది. తొట్టెడు కుడితి తాగినా నాలుక పిడచగట్టుకుపోయేది. గంటకోసారి ఉచ్చ పోసేవాడు. గిట్ట దగ్గర ముల్లు గీరుకున్న చిన్న గాయం నెల దాటినా మానలేదు.

ఈలోగా దొడ్లోంచి మూడు కోడిపిల్లలు మాయమయ్యాయి. అందులో రెండు పైడమ్మ పిల్లలు. పైడమ్మ అంటే దొడ్లో నోరున్న పెట్ట.

"అన్నా, నీ ముక్కు ముందు నుంచే ఆ నూకరాజు ఎత్తుకుపోయాడు!" అని రెక్కలు కొట్టుకుంటూ వచ్చి పడింది. "కనీసం ఒక్క రంకె వేయలేకపోయావా?"

"నాకు నొప్పమ్మా."

"పోయిన శీతాకాలం నొప్పి లేదా? అప్పుడు తిరగలేదా?"

పుల్లన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ పూట బెల్లం ముట్టలేదు. అయినా మర్నాడు నక్క రాగానే నోరు తెరిచాడు.

వారం తర్వాత రేవుకు బట్టల మూటలు మోసే గాడిద అచ్చమ్మ నీళ్లకోసం దొడ్డి తొట్టి దగ్గర ఆగింది. ఆమె పుల్లన్న కంటే పెద్దది. ఇరవై ఏళ్ల మోతకు ఆమె వెనక కాళ్లు రెండూ వంకరపోయాయి. తొట్టిలో చుక్క లేదు. పుల్లన్న వంక చూసింది. తర్వాత నేల వంక చూసింది.

"తమ్ముడూ, ఈ చీమలేంటి?"

"బెల్లానికి వచ్చాయిలే అక్కా."

"బెల్లం నీ మూతి దగ్గరుంది. చీమల బారు నీ తోక వైపు పోతోంది."

పుల్లన్న మెడ తిప్పి చూశాడు. నిజమే. బెల్లాన్ని ఆనుకునే వెళుతూ, దాన్ని పట్టించుకోకుండా, చీమలన్నీ అతను ఉచ్చ పోసిన తడిమట్టి చుట్టూ ముసురుకుని ఉన్నాయి.

"అంటే... తీపి జబ్బా?"

"దాహం ఉందా? నీరసం? మానని పుండు?" అచ్చమ్మ అడిగిన ప్రతిదానికీ పుల్లన్న తల ఊపుతూనే ఉన్నాడు. చివరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నేను పోతానా అక్కా?"

"అప్పుడే ఏడవకు. మా పిన్నికి ఇలాగే చీమలు పట్టాయి. జబ్బు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆమె లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది."

"ఏ మందు వేసుకుంది?"

"తీపి మానింది, పచ్చగడ్డి మేసింది, నడిచింది. వేళకు పడుకుంది."

"నడవడమా! నా మోకాలు చూశావా?"

అచ్చమ్మ వెనక్కి తిరిగి తన వంకర కాళ్లు చూపించింది. "వీటికి నొప్పి లేదనుకుంటున్నావా? రోజూ పొద్దున్నే మొదటి పది అడుగులు ప్రాణం పోతుంది. పదకొండో అడుగు నుంచి ఫరవాలేదు. నొప్పి పోయాక నడుద్దామని కూర్చుంటే అది పోదు తమ్ముడూ. కూర్చున్నకొద్దీ ఒళ్లు బరువెక్కుతుంది, ఆ బరువంతా మళ్లీ ఆ మోకాలే మొయ్యాలి. అలాగని మొండికెత్తొద్దు. ఇవాళ తొట్టి దాకా. రేపు గుమ్మం దాకా. మరీ పొడిస్తే ఆగు. సర్దుకున్నాక మళ్లీ లే."

ఆమె మూతితో ఆసరా ఇస్తే పుల్లన్న లేచాడు. తొట్టి ఏడు అడుగుల దూరం. ఆ ఏడు అడుగులకూ అతనికి ముచ్చెమటలు పట్టాయి.

"ఇంతకీ ఈ బెల్లం ఎవరిస్తున్నారు?" అచ్చమ్మ అడిగింది.

పుల్లన్న దాచలేదు. అంతా చెప్పాడు. వింటున్న పైడమ్మ రెక్కలు ముడుచుకుని దగ్గరికి వచ్చింది.

"నన్ను తిట్టమ్మా," అన్నాడు.

"తిట్టి ఏం లాభం? నీ నొప్పిని వాడు పట్టించుకున్నాడు, మేం పట్టించుకోలేదు. పక్కనే ఉండి ఒక్కరోజూ అడగలేదు." పైడమ్మ అతని గిట్ట మీదికి ఎక్కి కూర్చుంది. "అన్నా, వాడికి ఏమీ చెప్పకు. వచ్చినప్పుడు ఎప్పటిలాగే పడుకో. బెల్లం పుచ్చుకో. మింగకు. వాడు పోయాక నేను చూసుకుంటాను."

అలాగే చేశారు. మధ్యాహ్నం నక్క వచ్చే వేళకు పుల్లన్న కూలబడి మూలిగేవాడు. వాడు వెళ్లగానే బెల్లం ఉమ్మేసేవాడు. పైడమ్మ దాన్ని కోళ్ల గూటికీ, దొడ్డికి ఒక పక్కనున్న మట్టిగోడకూ మధ్య, అవతలి కొస మూసుకుపోయిన ఇరుకు సందు చివరికి తన్నుకుంటూ తీసుకుపోయేది. తీపి మానిన మొదటి వారం పుల్లన్నకు నరకం. తల దిమ్ము, అందరి మీదా చిరాకు. ఒకరోజు ఉమ్మేసిన ముక్క కోసం సందు దాకా వెళ్లాడు కూడా. పైడమ్మ సందు మొదట్లో నిలబడి, "రా అన్నా, నన్ను తొక్కి తీసుకో," అంది. అతను సిగ్గుపడి వెనక్కి తిరిగాడు. తర్వాత చూసుకుంటే ఆ వెళ్లి రావడం ఇరవై రెండు అడుగులు.

కోళ్లు వంతులేసుకుని అతని పక్కన నడిచాయి. తొట్టి దాకా అయింది, గుమ్మం దాకా అయింది, దడిలో సగం దాకా అయింది. అలసిపోయి పడుకుంటే నిద్ర దానంతట అదే పట్టేది. గిట్ట మీది పుండు ఎండి పక్కు కట్టింది. నెల తిరిగేసరికి ఒక పొద్దున్న అచ్చమ్మ వచ్చి, అతను ఉచ్చ పోసిన నేలంతా వాసన చూసి, తలెత్తింది.

"ఇక్కడ ఒక్క చీమ కూడా లేదు."

గుండెల మీది బండ ఎవరో దించినట్టు పుల్లన్న ఒక్క నిట్టూర్పు విడిచాడు. పొట్ట ఎగిరిపడేంత నిట్టూర్పు. పైడమ్మ నవ్వుతూ, "ఇక మన నూకరాజును భోజనానికి పిలుద్దామా?" అంది.

ఆ మధ్యాహ్నం పాకలో ఇంజను గోల, మనుషులంతా పెనం చుట్టూ ఉన్నారు. నూకరాజు ఎప్పటిలాగే బెల్లంతో వచ్చాడు. పుల్లన్న కళ్లు కూడా తెరవలేదు.

"ఎలా ఉంది మావా?"

"లేవడం ఇక నా వల్ల కాదురా. ఆ కోళ్ల గోల ఒకటి ప్రాణం తీస్తోంది. పిల్లలతో సహా అన్నీ ఆ గూటి వెనక సందులో చేరాయి."

నూకరాజు పెదాలు నాకుకున్నాడు. "నువ్వు పడుకో మావా. గోల లేకుండా నేను చేస్తాగా."

దడి కింద నుంచి దూరి తిన్నగా సందులోకి వెళ్లాడు. పైడమ్మ కేక పెట్టగానే కోళ్లన్నీ ఎగిరి గూటి మీదికెక్కాయి. పిల్లలు అక్కడ అసలు లేనేలేవు. నూకరాజు ఖాళీ సందులో వెనక్కి తిరిగేసరికి వెలుతురు ఆగిపోయింది. సందు మొదట్లో, సందంత వెడల్పున, పుల్లన్న నిలబడి ఉన్నాడు.

"మావా! నువ్వు నడుస్తున్నావేంటి!"

"నెల రోజులుగా నువ్వు పెట్టిన బెల్లం అక్కడే ఉంది నూకరాజూ. కాస్త తిను."

నక్క ఒక అడుగు వెనక్కి వేశాడు. కాలు మెత్తటి కుప్పలో దిగబడింది. బెల్లం మీద గండుచీమలు నల్లగా మూగి ఉన్నాయి. మరుక్షణం కాళ్లూ తోకా చెవులూ పట్టుకున్నాయి. నూకరాజు ఎగిరాడు, గోడకు గుద్దుకున్నాడు, మట్టిలో దొర్లాడు. పైనుంచి పద్నాలుగు ముక్కులు వాడి నెత్తి మీద పొడిచాయి. చివరికి గోడ మీది ముళ్లకంపలోకి గెంతి, ఒళ్లంతా గీరుకుని అవతల పడ్డాడు.

అంత బాధలోనూ వాడికి ఒక్కటి తెలుసుకోకుండా ఉండబుద్ధి కాలేదు. "మోకాలి నొప్పి ఎలా పోయింది మావా?" అని అవతలి నుంచి కుయ్యోమంటూ అడిగాడు.

"పోలేదురా. అది అలాగే ఉంది," అన్నాడు పుల్లన్న నెమ్మదిగా. "దాన్ని వెంటబెట్టుకుని నేనే లేచాను."

నూకరాజుకు ఆ మాట అర్థం కాలేదు. వాచిన మూతితో కొండెక్కిపోయాడు.

నీతి: కదలవద్దని నొప్పి చెబితే వినకు, దాన్ని మరిపిస్తానని తీపి చెబితే అసలే వినకు.