రాజుగారు వంటశాల కొలువులో చేరిన రోజు

వెనకటికి ఏటి ఒడ్డున రేవులపాడనే చిన్న రాజ్యం ఉండేది. కోటలో ప్రతివాడినీ రాజుగారు పేరుపెట్టి పిలిచేంత చిన్న కొలువు. ఆ రోజులే వేరు.

ఆ రాజు గజాంకభూపతి. మనసు వెన్నే గాని నోరు నిప్పు. నౌకరు తప్పు చేస్తే గోడలు అదిరేలా అరిచేవాడు. అరవడమే ఏలడమని ఆయన నమ్మకం. నౌకర్ల మీద అజమాయిషీ చేసే వల్లభయ్య మాత్రం ఏనాడూ గొంతు పెంచి ఎరగడు.

ఒకనాడు ముసలి వంటవాడు సింగన్న పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాడు. అలా చేయడం అది మొదటిసారి కాదు. పైగా చెబితే ఒప్పుకోడు. రాజు మండిపడ్డాడు.

"వల్లభయ్యా, వీణ్ణి రేపే వెళ్ళగొట్టు!"

"నేను మాట్లాడి సరిచేస్తాను ప్రభూ."

"నీ మెత్తదనం వల్లే వీళ్ళిలా తయారయ్యారు. నీకింకా అసలైన మొండివాడు తగల్లేదు. రేపు నేనే నీ కింద నౌకరుగా చేరతాను. పొద్దుగూకేలోగా నీకు కోపం తెప్పిస్తే సింగన్నతో పాటు నువ్వూ వెళ్ళాలి. తెప్పించలేకపోతే నీ కోరిక తీరుస్తాను."

"చిత్తం. మరి మధ్యలో మీకు రాజరికం గుర్తొస్తే?"

"గుర్తొస్తే నేనే ఓడినట్టు!"

మర్నాడు రాజు ముతక పంచె కట్టుకుని, కావాలనే ఎండెక్కాక వంటశాలకు వచ్చాడు.

"ఆలస్యమైంది నాయనా," అన్నాడు వల్లభయ్య. "మధ్యాహ్నం విందు ఉంది. ఆ పాయసం కలుపుతూ ఉండు."

రాజుగారిని 'నాయనా' అనేసరికి వంటవాళ్ళు చేతిపని ఆపి చూశారు. రాజు గరిటె పక్కన పడేసి గోడకు చేరగిలబడ్డాడు. పాలు మాడి వంటశాలంతా కమురు వాసన కమ్మింది.

వల్లభయ్య దవడలు బిగుసుకున్నాయి. ఒక్క క్షణం ఉత్తరీయం కొస గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. "గుండిగ మాడింది. నేను మళ్ళీ పాలు తెప్పిస్తాను, నువ్వు గుండిగ తోము."

"నాకు తోమడం రాదు."

"నేర్పుతాను," అంటూ చింతపండు, బూడిద తీసుకుని పక్కనే చతికిలబడ్డాడు.

రాజు రెండుసార్లు రుద్ది వదిలేశాడు. అందరూ వినేలా, "నీకసలు పని చేయించడమే చేతకాదు వల్లభయ్యా!" అని వెక్కిరించాడు.

వల్లభయ్య లేచి ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళాడు. నెమ్మదిగా అన్నాడు: "నాలో తప్పుంటే నాతో చెప్పు, వింటాను. పదిమందిలో అనకు. నేనూ నిన్ను పదిమందిలో అనను. ఇక పద, గుండిగ అలాగే ఉంది."

రాజు ముఖం కందగడ్డయింది. "ఇంకా తోమమంటావా? నేనెవరనుకున్నావ్? ఈ రాజ్యానికి రాజును!"

వల్లభయ్య వంగి దండం పెట్టాడు. "విచ్చేశారా ప్రభూ! పొద్దుటినుంచీ మీకోసమే చూస్తున్నాను."

తన నోటితోనే ఓడానని రాజుకు అప్పుడు తట్టింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నిజం చెప్పు, నీకు కోపమే రాలేదా?"

"పాలు మాడినప్పుడే వచ్చింది ప్రభూ. పనయ్యాక మాట్లాడదామని వాకిట్లో కూర్చోబెట్టాను. విసుగెత్తి అదే లేచిపోయింది."

లోపలినుంచి మాడిన పాల వాసన ఇంకా వస్తూనే ఉంది. రాజు నవ్వు సన్నగిల్లింది.

"చిన్నప్పుడు ఇక్కడే అమ్మ కొంగు పట్టుకుని తిరిగేవాణ్ణి. ఒకసారి పరుగెత్తుతూ కాగే పాలకుండ తన్నేశాను. అప్పుడూ ఇదే వాసన. సింగన్న ఒక్క మాట అనలేదు వల్లభయ్యా. 'కాళ్ళు కాలలేదు కదా బాబూ' అని నన్ను ఎత్తుకున్నాడు." వల్లభయ్య వైపు తిరిగి, "నీ కోరికేమిటో చెప్పు," అన్నాడు.

"సింగన్నను ఉండనివ్వండి. ఉప్పు వేసే పని మాత్రం ఇకమీదట అతని కోడలికి అప్పగిస్తాను. ముసలాయన నొచ్చుకుంటాడు, వాదిస్తాడు. అయినా ఒంటరిగా కూర్చోబెట్టి నేనే చెబుతాను."

రాజు సరేనన్నాడు. తన పట్టుశాలువా తెప్పించి, మసి చేతులతోనే వల్లభయ్యకు కప్పాడు.

ఆనాటి విందులో పాయసం బాగా ఆలస్యమైంది. ఏమైందని అతిథులు అడిగితే వంటవాళ్ళు తలలు దించుకున్నారు. రాజుగారే నవ్వుతూ జవాబిచ్చారు:

"తప్పు నాదే. కొలువులో ఇవాళే చేరాను."