ఐదుగురు కలిసి వండిన బెల్లం

చింతలగెడ్డలో నూకరాజుకి ఉన్నంత తెలివి ఆ చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవరికీ లేదు. ఈ మాట ఊరు చెప్పింది కాదు, నూకరాజు చెప్పిందే. నలుగురు తమ్ముళ్ళూ అతని తెలివికి సాక్ష్యం. వాళ్ళ తెలివికి అతను సాక్ష్యం. అలా ఆ ఇంట్లో తెలివికి ఏనాడూ లోటు రాలేదు.

తండ్రి గౌరునాయుడు బెల్లం వండడంలో చెయ్యి తిరిగినవాడు. ఊళ్ళో చెరకంతా ఆయన పెనం మీదికే వచ్చేది. బెల్లం వండడమంటే రసం పోసి మంట పెట్టడం కాదు, పాకం వచ్చిన క్షణాన్ని పట్టుకోవడం. ఒక్క నిమిషం ముందు దించితే జావ, ఒక్క నిమిషం దాటితే మసి. గౌరునాయుడు నురగ రంగు చూసేవాడు, బుడగల చప్పుడు వినేవాడు, గాలి ఎగబీల్చేవాడు, చన్నీళ్ళలో వేసిన చుక్కని వేళ్ళతో ఉండ చేసి నోట్లో వేసుకునేవాడు, "దించండి" అనేవాడు. అంతే. నలభై ఏళ్ళలో ఒక్క పెనం చెడలేదు.

ఆ ఏడాది సరిగ్గా చెరకు కోతకొచ్చే వేళకి ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. పొగ దగ్గరికి వెళ్ళావంటే ఉన్న చూపు కూడా పోతుందన్నాడు డాక్టరు. కట్టుతో అరుగు మీద మంచం వేసుకుని పడుకున్నాడు. అప్పుడొచ్చాడు ప్రెసిడెంటు దాలినాయుడు.

"నూకరాజూ, శుక్రవారం నా చెరకు మీ పెనం మీదే వండండి. కుదిరిందా, ఊరి చెరకంతా మీకే. చెడిందా, పక్కూరి లోవరాజు దగ్గరికి బళ్ళు తోలించేస్తాను. మీ అయ్య మొహం చూసి ఇస్తన్నాను."

"నీకెందుకు బెంగ మావా! మేం ఐదుగురం లేమా?" అన్నాడు నూకరాజు.

ఆ మాట విని గౌరునాయుడు మంచం మీద లేచి కూర్చున్నాడు. కొడుకుల్ని పిలిచి, "ఇందులో రహస్యం ఏటీ లేదురా. కన్ను, చెవి, ముక్కు, నాలిక, చర్మం, ఐదూ పని చెయ్యాలి. దేని పని అది చెయ్యాలి. అంతే," అన్నాడు.

నూకరాజు వేళ్ళు లెక్కపెట్టాడు. ఐదు. తమ్ముళ్ళని తనతో కలిపి లెక్కపెట్టాడు. ఐదు! ఒళ్ళు పులకరించింది. అయ్య ఒక్కడే ఐదు పనులు చేసి అలిసిపోయాడు, మనం తలా ఒకటి చేస్తే ఐదింతలు మంచి బెల్లం రాదూ?

"పెద్దోణ్ణి గనక కళ్ళు నావి. ఊరి కబుర్లన్నీ వింటాడు గనక చెవులు జోగులువి. పొద్దస్తమానం తుమ్ముతాడు గనక ముక్కు సన్యాసిది. మన నలుగురి తిండీ తింటాడు గనక నాలిక కొండబాబుది."

"మరి నాకో?" అన్నాడు ఆఖరివాడు పైడయ్య.

"ఇంత లావున్నావు, ఒంటినిండా చర్మమే గదరా. అది నీది. ఒకడి పని ఇంకోడు చేశాడో, వీపు చిట్లగొడతాను."

ఇంకేముంది, శుక్రవారం పొద్దున్నే పెనం నిండా రసం పోసి, పొయ్యి నిండా చెరకు పిప్పి కూరి, ఎవరి కట్లు వాళ్ళు కట్టుకున్నారు. నూకరాజు చెవుల్లో దూది, ముక్కులో దూది, మూతికి తువ్వాలు, చేతులకి గోనెగుడ్డలు. కళ్ళు మాత్రం గుడ్లగూబలా తెరిచి కూర్చున్నాడు. జోగులుకి చెవులు తప్ప అన్నీ మూశారు. సన్యాసికి ముక్కు తప్ప, కొండబాబుకి నోరు తప్ప. పైడయ్య గోచీతో, కళ్ళకి గంతలతో, మిగతావన్నీ మూసుకుని పొయ్యి పక్కన నిలబడ్డాడు.

జలుబు చేసినవాడికి చేపల పులుసు పోసినా ఒకటే, చింతపండు నీళ్ళు పోసినా ఒకటే. ముక్కు సాయం లేనిదే నాలికకి రుచి తెలియదు. పడిశం పట్టిన పసిపిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. ఏడూళ్ళ తెలివి ఒక్కచోట పోగైన ఇంట్లో తెలియలేదు.

నురగ రంగు తిరిగింది. నూకరాజు చూశాడు. చూసినవాడు చెప్పకూడదే! చెప్పడం నాలిక పని. గరిటెడు పాకం ముంచి, తెరిచి ఉన్న కొండబాబు నోట్లో పోశాడు.

"అమ్మో! కాలిపోయిందిరో!"

ఆ కేక దూది దాటి అందరి చెవుల్లోనూ పడింది. మూతిగుడ్డలు ఊడొచ్చాయి.

"కాలిందని చెప్పడానికి నువ్వెవడివిరా? కాలడం నాది! నీది తీపి!" అన్నాడు పైడయ్య.

"తీపేటో నాకు తెలీలేదు, కాలింది!"

"అన్నియ్యా, వీడు నా పని లాక్కుంటన్నాడు!"

"కేక విన్నది నేను. మీరంతా ఎందుకు విన్నారు?" అని జోగులు ఏడుపు మొహం పెట్టాడు.

నూకరాజుకి ఒళ్ళు మండిపోయింది. "కట్లు సరిగ్గా కట్టుకోకపోతే బెల్లం ఎలా కుదురుతుందిరా? మళ్ళీ కట్టండి!" అన్నాడు. అంతే, అందరూ మళ్ళీ మొదటినించి, ఈసారి రెండేసి ముళ్ళు వేసుకుని కట్టుకున్నారు.

ఈలోగా అరుగు మీంచి గౌరునాయుడు అరిచాడు. "మాడు వాసనరా! దించండ్రా!"

జోగులు విన్నాడు. అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. తన పని చక్కగా చేసినందుకు సంతోషంగా తల ఊపాడు. తమ్ముడు తల ఊపడం నూకరాజు చూశాడు. తన పని తను చేసినందుకు అతనూ సంతోషించాడు. పెనంలోంచి నల్లటి పొగ లేచింది. ఇంతసేపటికి తన వంతు వచ్చిందని సన్యాసి గుండెలనిండా పీల్చాడు.

దాలినాయుడు వచ్చేసరికి పెనంలో బొగ్గు, పెనం చుట్టూ ఐదు మూటలు.

"ఓరి మీ తెలివి తెల్లారిపోనూ! మీ అయ్య ఒక్కడురా! ఐదూ ఒక్క మనిషిలో ఉన్నాయి గనక ఒకదానికి తెలిసింది ఇంకోదానికి తెలిసింది. మీరు ఐదు ముక్కలయ్యి కూకుంటే ఎలా తెలుస్తది?" వెళ్ళబోతూ అరుగు వైపు చూశాడు. గౌరునాయుడు కంటికున్న కట్టు చాలక మొహం మీద దుప్పటి కూడా కప్పుకున్నాడు. దాలినాయుడికి జాలేసింది. "రేపు ఇంకో పెనం. అదే ఆఖరు."

నూకరాజు రాత్రంతా నిద్రపోలేదు. ఒక్క మనిషి! ఇంత చిన్న కిటుకు ముందే తట్టలేదేమా అని నవ్వుకున్నాడు.

మర్నాడు కట్లు లేవు, దూది లేదు. పెనం సెగ ఎక్కగానే ఐదుగురూ పొయ్యి ఎదుట ఒక్కచోట నిలబడ్డారు. నూకరాజు భార్య రాములమ్మ పెద్ద గొంగళిలో అందర్నీ కలిపి చుట్టి, మోకుతో భుజాల నించి మోకాళ్ళ దాకా బిగించింది. పైన ఐదు తలకాయలు మాత్రం మిగిలాయి. రావణాసురుడిలో సరిగ్గా సగం.

"ఇప్పుడు ఒక్క మనిషయ్యారు," అని మురిసిపోయి, ఆ ముచ్చట చూపిద్దామని దాలినాయుణ్ణి పిలవడానికి వెళ్ళింది.

ఈసారి నిజంగానే అంతా సవ్యంగా జరిగింది.

"నురగ బంగారం రంగు తిరిగింది!" అన్నాడు నూకరాజు.

"గుడగుడ మానేసి టపటపమంటంది!" అన్నాడు జోగులు.

"కమ్మటి వాసన!" అన్నాడు సన్యాసి.

"ఆవిరికే నోరు తియ్యగుంది!" అన్నాడు కొండబాబు.

"సెగ సరిపోయింది!" అన్నాడు పైడయ్య.

ఐదుగురూ ఒక్క గొంతుతో, అచ్చం గౌరునాయుడిలాగే, సరిగ్గా ఆ క్షణానికే, "దించండి!" అన్నారు.

ఎవరూ దించలేదు.

"దించమంటే దించరేటి?" అని గద్దించాడు నూకరాజు.

"ఎవరు దించాలన్నియ్యా?"

"మనమే."

"చేతులు గొంగళి లోపలున్నాయి గదా."

నూకరాజు ఆలోచించాడు. "అయ్య చెప్పిన ఐదింట్లో చేతులున్నాయా?"

"లేవు."

"మరింకేం! అయితే మన తప్పు లేదు."

దాలినాయుడు పొగ చూసి పరిగెత్తుకొచ్చాడు. మాడిన పెనాన్నీ, దాని ముందు ఊగుతున్న ఐదు తలల మూటనీ చూసి, వెనక్కి తిరిగి బళ్ళవాళ్ళకి పక్కూరి దారి చూపించాడు.

"మావా, మావా!" అని గొంగళిలోంచి కేకేశాడు నూకరాజు. "నిన్నటిలా కాదు మావా! ఈసారి మాడిపోవడం ఐదుగురికీ ఒక్కసారే తెలిసింది!"