కూర్చుని చూడవలసిన చెండాట

కంకణగిరి రాజుగారైన ఎర్రభూపతికి ఆ ఉదయం కోపం వచ్చింది. కారణం చిన్నదేమీ కాదు. ముందురోజు కర్రచెండాటలో చెండు గోతిలో పడటం ఆయన చూడలేదు.

కోటవీధి పాఠశాలకీ ఏటిగట్టు పాఠశాలకీ ఏటా రెండు రోజుల పోటీ. వంపు కర్రలతో చెండుని తోసుకుపోయి అవతలివాళ్ళ గోతిలో పడెయ్యాలి. తీరా చెండు గోతి దాకా వచ్చేసరికి, ముందు వరసల్లో ఉన్న ఐదువందలమంది విద్యార్థులూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వెనక అరుగు మీద కూర్చున్న రాజుగారికి కనిపించినవి ఐదువందల పిలకలు.

"రేపటి ఆటలో నాకు చెండు కనబడాలి. ఏం చేస్తారో నాకు తెలియదు," అన్నాడాయన సభలో.

సభామర్యాదల అధికారి కోదండపంతులు ముందుకొచ్చాడు. కొలువులో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎంత దూరం జరిగి తుమ్మాలో నియమాలు రాసింది ఈయనే. మొత్తం నూటపది. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతుంటాడు.

"ప్రభువులున్న చోటల్లా సభే. ఆటస్థలంలోనూ సభామర్యాద పాటించవలసిందే. అందరూ కూర్చునే చూడాలి. మొదట లేచినవాణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలి!"

రాజుగారి పక్కన తాంబూలం పళ్ళెం పట్టుకుని నిలబడ్డ గవరన్నకి నోరు ఊరుకోలేదు. అతనూ కోటవీధి పాఠశాల కోసం గొంతు చించుకునేవాడే.

"ఆ క్షణంలో కూర్చోగలిగినవాడు అసలు ఆటకి రావడం దేనికి?" అని గొణిగాడు.

గొణుగుడు పైకే వినిపించింది. పంతులు మొహం ఎర్రబడింది.

"తాంబూలాలు చుట్టేవాడు నాకు మర్యాదలు నేర్పుతాడా! ప్రభూ, కుర్రాళ్ళని కూర్చోబెట్టే పూచీ వీడికే అప్పగించండి. రేపు ఒక్కడు లేచినా సరే, వీడి కొలువు తీసెయ్యాలి."

పందెమంటే చాలు, రాజుగారికి కోపం కూడా గుర్తుండదు. రెండిటికీ "సరే," అనేశాడు.

గవరన్నది తాతలనాటి కొలువు. ఇంట్లో ఏడుగురు. ఆకులు చుట్టడం తప్ప ఇంకో పని చేతకాదు. ఐదువందలమంది కుర్రాళ్ళని ఆట సాంతం కూర్చోబెట్టడం దేవుడి వల్ల కూడా కాదని అతనికి బాగా తెలుసు. అయినా పళ్ళెం సర్దుకుని అడిగాడు.

"పంతులుగారూ, రేపు పాటించవలసింది కూర్చోవడం ఒక్కటేనా, నూటపదీనా?"

"నూటపదీ! ఒక్కటి తగ్గినా నేనొప్పుకోను."

"చిత్తం," అన్నాడు గవరన్న.

మర్నాడు ఆటస్థలం కిటకిటలాడింది. కుర్రాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు. అందరికంటే ముందు, గోతికి ఎదురుగా, పంతులు. ఆయన మేనల్లుడు శరభం కోటవీధి తరఫున ఆడుతున్నాడు మరి.

ఆట మొదలవబోతుంటే గవరన్న వినయంగా వచ్చాడు.

"పంతులుగారూ, మీ నాలుగో నియమం. ప్రభువులకి వీపు చూపరాదు."

పంతులు కాదనలేడు. రాసింది తనే. మెల్లిగా, పీట చప్పుడు కాకుండా, అరుగు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఐదువందలమందీ తిరిగారు. గవరన్న కూడా అరుగు మెట్టు మీద రాజుగారికి ఎదురుగా చతికిలబడ్డాడు.

ఆట మొదలైంది. చూస్తున్నది రాజుగారొక్కరే. మిగతావాళ్ళంతా రాజుగారిని చూస్తున్నారు.

ఆయనకి ముక్కు దురద పుట్టింది. వెయ్యి కళ్ళ ఎదుట గోక్కోవడానికి మొహమాటపడి ఊరుకున్నాడు.

కాసేపటికి కుర్రాళ్ళు కిటుకు కనిపెట్టారు. రాజుగారి కళ్ళు ఎడమకి పోతే చెండు ఎడమకి పోయినట్టు. కనుబొమలు లేస్తే ఎవడో గట్టిగా కొట్టినట్టు. పళ్ళు బిగిస్తే గోతి దగ్గరపడినట్టు. అలా రాజుగారి మొహంలోనే ఆట మొత్తం చూడసాగారు. పంతులైతే రెప్ప వెయ్యడం లేదు.

ఇంతలో వెనక నుంచి కేక వినిపించింది. "శరభం! నీదే! తీసుకుపో!"

రాజుగారి కళ్ళు పెద్దవయ్యాయి. మెడ సాగింది. చేతులు సింహాసనం పిడుల మీదికి వచ్చాయి. ఆ తరవాత ఆయన ఎగిరి లేచి, అరుగు అంచు దాకా వచ్చేశాడు.

ప్రభువులు లేస్తే అందరూ లేవాలన్నది ఒకటో నియమం. ఐదువందలమందీ దిగ్గున లేచారు. లేచినవాళ్ళు ఎటు తిరిగారో వేరే చెప్పాలా!

"కొట్టరా అల్లుడూ! కొట్టు!" అని అందరికంటే పెద్దగా అరిచింది పంతులు. అరుస్తూ పీట ఎక్కాడు కూడా.

చెండు గోతిలో పడింది. గోల చల్లారడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు పంతులు పీట దిగి, జారిన ఉత్తరీయం సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, లేచారు! అందరూ లేచారు! గవరన్న కొలువు పోయినట్టే. మొదట లేచినవాణ్ణి పట్టుకుని ఇప్పుడే ఊరు దాటించాలి."

"అవును," అన్నాడు రాజుగారు ఎగశ్వాసతో. "గవరన్నా, మొదట లేచిందెవరు? చూసినవాళ్ళున్నారా?"

గవరన్న చేతులు కట్టుకున్నాడు.

"సాక్షులు ఐదువందలమంది ప్రభూ. పంతులుగారి నియమం ప్రకారం అందరూ తమరినే చూస్తున్నారు."

రాజుగారు వెనక్కి తిరిగి సింహాసనం చూశాడు. అది నాలుగడుగుల అవతల ఖాళీగా ఉంది. కిందికి చూసుకున్నాడు. ఒక కాలికి పాదరక్ష లేదు. అది సింహాసనం దగ్గరే ఉండిపోయింది.

"పంతులూ," అన్నాడు మెల్లిగా, "నన్ను ఏ పొలిమేర దాటిస్తావు?"

పంతులు నూటపది నియమాల్లో వెతికాడు. దీనికి నియమం లేదు.

ముందు రాజుగారే ఫక్కున నవ్వాడు. ఆ వెంటనే ఆటస్థలమంతా నవ్వింది. చివరికి పంతులూ నవ్వక తప్పలేదు. ఎంతైనా చెండు గోతిలో వేసింది మేనల్లుడు కదా.

"నా అరుగు మూడు మూరలు ఎత్తు పెంచండి. చూసేవాళ్ళ జోలికి మాత్రం పోకండి," అని రాజుగారు చేతి బంగారు కడియం తీసి గవరన్న చేతికి తొడిగాడు. "ఇక అడ్డు తప్పుకో. ఏటిగట్టువాళ్ళు చెండు అందుకున్నారు!"